బుద్ధులు చెప్పకు, కనిపెట్టు

కవిటి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు పంపిన ఫోటోలూ మెసేజీలూ అన్నీ చూశాను. ఫోన్లో టైపు చెయ్యడం నా వల్ల కాదు. అందుకే కాగితం మీద రాసి, మీ పెద్దనాన్న చేత ఫోటో తీయించి పంపిస్తున్నాను. తాపీగా చదువుకో.

నువ్వు అడిగిందేటంటే, పొట్టికోళ్లు సాధువులని అమ్మినవాడు చెప్తే కొన్నారు. తీరా తెచ్చాక ఒకటి అందర్నీ పొడుస్తోంది, తెల్లది మూల వదలట్లేదు, పుంజేమో మీ గుంటడి పిక్కల మీదికి దూకుతోంది. వీటిని ఇచ్చేసి వేరేవి తెచ్చుకోమంటావా అని. ఇప్పుడే వద్దమ్మా. అమ్మినవాడు జాతి గుణం చెప్పాడు. నీ పెరట్లో తిరుగుతున్నవి జాతులు కావు, కోళ్లు. ఒకే పెట్ట కింద ఒకేరోజు లేచిన పిల్లల్లో ఒకటి చేతిలోకొచ్చి తింటుంది, ఇంకొకటి చచ్చేదాకా చేతికి చిక్కదు. పైగా బాంటమ్, అదే పొట్టికోడి, అనగానే మెత్తనిదని ఎవరు చెప్పారు? అరకేజీ నించి కేజీ లోపు తూగేవన్నీ ఆ పేరు మీదే అమ్ముతున్నారు. అందులో పందెంకోడి జాతిని చిన్నగా చేసినవీ ఉంటాయి. ఒళ్లు తగ్గింది గానీ పౌరుషం తగ్గలేదు.

ముందు పెరట్లో ఒక పీట వేసుకుని కూర్చో. పొద్దున్న గూడు తలుపు తీసే వేళ, సాయంత్రం గూడెక్కే వేళ, ఈ రెండు పూటలు చూస్తే చాలు. మిట్టమధ్యాహ్నం చూసి లాభం లేదు, అన్నీ నీడన పడి నోరు తెరుచుకుని రొప్పుతూ ఉంటాయి. ముందు ఎవరు దిగుతున్నారు, ఎవరు ఎవరికి దారి ఇస్తున్నారు, నూకలు జల్లితే తలెత్తకుండా తినేది ఏది, రెండు గింజలు తిని చుట్టూ చూసేది ఏది, చీకటి పడ్డాక గూట్లో పై కర్ర ఎవరిది. అల్లుణ్ణి కూడా కూర్చోబెట్టు. ఫోన్ లోపల పెట్టి రమ్మను.

ఇప్పుడు ఆ తెల్లదాని సంగతి. అది సిల్కీ అనే జాతి. ఫోటో పెద్దది చేసి కాలి వేళ్లు లెక్కపెట్టాను, అయిదున్నాయి. మామూలు కోడికి నాలుగే. ఈకలు విడదీసి చూడు, చర్మం నల్లగా ఉంటుంది. మిగతా కోళ్ల ఈకల్లో పోగుని పోగుతో పట్టి ఉంచే సన్నని కొక్కేలుంటాయి. సిల్కీకి అవి సరిగ్గా ఉండవు. అందుకే ఈక మెత్తగా విచ్చుకుపోయి ఉంటుంది, ఎగరలేదు, వాన పడితే నీరు జారకుండా ఒంట్లోకి దిగుతుంది. నా దగ్గరా ఒకటుంది, దాని పేరు దూది.

దాన్ని మీరంతా పిరికిదంటున్నారు. నెత్తి మీది జుత్తు చూశావా, కళ్ల మీదికి ఎలా పడిపోయిందో? కోడికి కళ్లు పక్కలకుంటాయి, దాని బతుకంతా ఆ పక్కచూపు మీదే నడుస్తుంది. దీనికి అదే లేకుండా పోయింది. ఎవరైనా పక్కకొచ్చి నిలబడ్డాక గానీ తెలీదు, తెలిసేసరికి ఉలిక్కిపడి పరిగెడుతుంది. అలాంటిది మూల చూసుకోదేటి? అక్కడైతే రెండు పక్కలా గోడ కాపలా. చిన్న కత్తెర తీసుకుని కళ్లకి అడ్డం పడే ఈకల కొసలు కత్తిరించు. ఒకరు ఒళ్లో పెట్టుకోవాలి, ఒకరు కత్తిరించాలి. కొత్తగా మొలిచే ఈక మొదట్లో రక్తం ఉంటుంది, అక్కడిదాకా వెళ్లకు. మా దూదికి కత్తిరించి కింద పెట్టీ పెట్టగానే ఏం చేసిందో తెలుసా, నా చేతి గాజులు పొడిచింది. అన్నాళ్లూ వాటిని చూసి ఉండదు. ఇప్పుడు దూది మూల ముఖం చూడదు.

మీదీ అలాగే మారుతుందని మాట ఇవ్వలేను. కొన్ని నిజంగానే బెదురువి. కత్తిరించిన పది రోజులకి కూడా మూలే కావాలంటే, ఆ మూలలోనే దానికో నీళ్ల చిప్ప, ఒక తిండి చిప్ప పెట్టెయ్యి. లాక్కొచ్చి మధ్యలో కూర్చోబెట్టకు.

వాన సంగతి కూడా మర్చిపోకు. అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల కాలం. సిల్కీ తడిస్తే దులుపుకుని ఆరిపోయేది కాదు. తువ్వాలుతో తుడిచి, గాలి తగలని చోట గోనె మీద ఉంచాలి.

పొడిచేదాన్ని మీరు రాక్షసి అంటున్నారట. కోళ్లలో వరస ఉంటుందమ్మా. నార్వే దేశంలో థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె అనే ఆయన చిన్నతనం నించీ కోళ్లని చూస్తూ పెరిగి, ఎవరు ఎవర్ని పొడవొచ్చో ఆ లెక్కంతా 1921లో రాసి పెట్టాడు. మన ముసలమ్మలకి తెలీని సంగతి కాదు గానీ, కాగితం మీద పెట్టిన ఘనత ఆయనదే. వరస కుదిరాక పొడుపులు తగ్గుతాయి. మా పనస అనే పెట్ట ఉంది, మా కోళ్లన్నిటికీ పెద్ద, అది ఎవర్నీ పొడవగా నేను చూడలేదు. మెడ ఒక్కసారి నిక్కించి చూస్తుంది, అంతే, చిప్ప ఖాళీ. అస్తమానూ పొడిచేది రెండో స్థానంలో ఉన్న జీడి. దానికి పైకి ఎక్కాలని ఆశ, కిందివాళ్లు ఎక్కేస్తారని భయం. మీది కూడా జీడి రకమే అనుకుంటున్నాను.

నువ్వు చేస్తున్నదేటంటే, సంతకి వెళ్లినప్పుడల్లా ఒక్కో కోడిని పట్టుకొస్తున్నావు. కొత్తది వచ్చిన ప్రతిసారీ వరస మళ్లీ మొదటికొస్తుంది. ఇకమీద తెస్తే రెండు కలిపి తే, పొడుపులు పంచుకుంటాయి. తేగానే వదిలెయ్యకు. రెండు మూడు వారాలు దూరంగా విడిగా ఉంచి, తెగులేమీ లేదని చూసుకుని, తరవాత ఒక వారం జాలీ అడ్డుగా పెట్టి ఒకళ్లనొకళ్లు చూసుకోనీ. ఆ తరవాత రాత్రి పూట, అన్నీ కునుకులో ఉండగా కర్ర మీద పెట్టు. తిండి చిప్పలు రెండు చోట్ల ఉండాలి, ఒక్క చిప్ప పెట్టి కొట్టుకుంటున్నాయని ఏడిస్తే ఎలా? అప్పటికీ ఆగకపోతే పొడిచేదాన్నే నాలుగు రోజులు గంప కింద పెట్టు, పొడిపించుకునేదాన్ని కాదు. అది బయటికొచ్చేసరికి దాని చోట్లో ఇంకెవరో ఉంటారు, పొగరు కొంత దిగుతుంది. రక్తం కనిపిస్తే మాత్రం క్షణం ఆగకుండా దెబ్బ తగిలినదాన్ని విడదీసి పసుపు అద్దు. ఎర్రగా కనిపిస్తే మంచి బుద్ధి ఉన్నవి కూడా వచ్చి పొడుస్తాయి.

పుంజు దగ్గరికొద్దాం. మా పుంజుని మునసబు అంటాం. ముప్పావు కేజీ కూడా తూగడు, పెరడంతా తనదే. పురుగు దొరికితే తను తినడు, ముక్కుతో ఎత్తి కింద పడేస్తూ కొక్ కొక్ మని పెట్టల్ని పిలుస్తాడు. ఒక్కోసారి ఏమీ దొరక్కుండానే పిలుస్తాడు, దూరంగా ఉన్న పెట్ట వచ్చేదాకా. పనస ఈ మోసం కనిపెట్టింది, ఇప్పుడు తల తిప్పి చూసి గానీ కదలదు. జీడి మాత్రం ప్రతిసారీ పరిగెడుతుంది.

వాడి కూతలు నేర్చుకుంటే నీకు కాపలా మనిషి అక్కర్లేదు. పైన గద్ద తిరిగితే సన్నగా, పొడుగ్గా ఒక కీచు. అది వినగానే పెట్టలన్నీ నేలకి అతుక్కుపోతాయి. కింద ముంగిస గానీ పిల్లి గానీ వస్తే కొక్కొక్కొక్ మని బొంగురు అరుపు, అప్పుడు అందరూ మెడలు నిక్కించి నిలబడతారు. 2018లో తిత్లీ తుపానుకి మా పెరట్లో కొబ్బరి చెట్లు పోయాక ఆకాశం బోసిపోయింది. గద్దలకి పెరడంతా కళ్లకి కట్టినట్టు కనిపించేది. అంతకుముందు ధీమాగా తిరిగిన కోళ్లే ఆ ఏడాదంతా గోడ వారగా నడిచాయి. అరటి పిలకలు ఎదిగి నీడ వచ్చాక మళ్లీ మధ్యకొచ్చాయి. కాబట్టి బెదురు చూసినప్పుడు ముందు పైకి చూడు. విజయనగరంలో మీ పెరట్లో చెట్టు లేదన్నావుగా, ఒక మూల తాటాకుల పందిరైనా వెయ్యి.

మీ పుంజు గుంటడి మీదికి దూకడానికి కారణం నువ్వు పంపిన వీడియోలోనే ఉంది. వాడు కర్ర పట్టుకుని తరుముతున్నాడు. పుంజు లెక్కలో అది పోట్లాటకి పిలుపు. వాడు వెనక్కి పరిగెత్తితే పుంజు గెలిచినట్టు, రేపు ఇంకా ముందుగా వస్తాడు. పుంజు ఒక రెక్క కిందికి దించి పక్కవాటుగా అడుగులేస్తే మీదికొచ్చే ముందు మాట అది. అప్పుడు తన్నకూడదు, పారిపోకూడదు. నువ్వు నిదానంగా వెళ్లి రెక్కలు మూసి పట్టుకుని, చంకలో పెట్టుకుని, పెట్టలన్నీ చూస్తుండగా పెరడంతా తిప్పు. గింజుకోవడం మానాకే కింద పెట్టు. రోజూ ఇలా చెయ్యి. గుంటడి చేత రోజూ గుప్పెడు చోళ్లు, అదే రాగులు, జల్లించు, వంగకుండా నిలబడి. మొహం కిందికి ఉంచనియ్యకు. ఇంత చేసినా వాడి మొహం మీదికే వస్తే, చిన్నపిల్లలు లేని ఇంటికి ఇచ్చెయ్యి. పిల్లాడి కన్ను కంటే పుంజు ఎక్కువా? సంక్రాంతి ముందు ఎవడైనా వచ్చి సరదాకి పందెంలో దింపుతానంటే మాత్రం గుమ్మం ఎక్కనియ్యకు.

గోధుమరంగుది గూట్లోంచి లేవట్లేదు, చెయ్యి పెడితే ఉబ్బిపోయి గుర్రుమంటోంది అన్నావు. అది కోపం కాదు, జబ్బు కాదు, పొదుగుకొచ్చింది. పిల్లలు కావాలంటే రాత్రి పూట దాని గుడ్లే అయిదారు పెట్టు, నాటుకోడి గుడ్లయితే నాలుగు మించొద్దు, దాని ఒళ్లు అంతే కప్పగలదు. 21 రోజులు. పొట్టి జాతి గుడ్లు ఒక్కోసారి ఒకరోజు ముందే పగులుతాయి. రోజుకోసారి లేచి తిని, తాగి, దుమ్ములో పొర్లి వస్తుంది. లేవకపోతే నువ్వే ఎత్తి చిప్ప ముందు పెట్టు. పిల్లలు అక్కర్లేదంటే, అడుగున జాలీ ఉన్న పెట్టెలో, గడ్డి వెయ్యకుండా, తిండీ నీళ్లూ పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచు. కింద గాలి తగిలితే పొదుగు దిగుతుంది. ముక్కులో ఈక గుచ్చమని ఎవరైనా చెప్తే వినకు. అది హింస.

తల్లుల్లోనూ తేడాలుంటాయి. జీడి శ్రద్ధగా పొదుగుతుంది, పిల్లలు లేచాక వాటికంటే ముందే తినేస్తుంది. దూది ఎవరి పిల్లలైనా రెక్క కిందికి లాక్కుంటుంది. కాబట్టి నేను జీడి గుడ్లు కూడా దూది కిందే పెడతాను. లేచిన పిల్లలకి చెదలు మంచి తిండి. పాత కుండలో తడిపిన పేడా గడ్డీ కుక్కి, చెదలున్న చోట బోర్లించు, తెల్లారేసరికి పట్టి ఉంటాయి.

గూటికి అరంగుళం జాలీ కొట్టించు, పెద్ద కన్నాల్లోంచి ఎలుకలు దూరతాయి. దుమ్ముస్నానానికి ఇసకలో బూడిద కలిపి ఒక మూల పొయ్యి. అంతకంటే అందులో చెప్పేదేమీ లేదు.

బుద్ధులు ఇంతగా ఎందుకు కనిపెట్టమంటున్నానంటే, కోడి తన జబ్బు దాచుకుంటుంది. బలహీనంగా కనిపిస్తే మిగతావి పొడుస్తాయని దానికి తెలుసు. నీరసం బయటికి కనిపించేసరికి సగం ప్రాణం పోయి ఉంటుంది. కానీ రోజూ ముందు దిగేది ఒకరోజు చివర దిగితే, పొడిచేది పొడవకుండా ఉంటే, నీకు ఆ పూటే తెలియాలి. పనస ఒకరోజు తన పై కర్ర జీడికి వదిలేసి కింద కూర్చుంది. తినడంలో తేడా లేదు, ముక్కులో చీమిడి లేదు. అయినా విడిగా పెట్టాను. రెండు రోజులకి పెంకు లేని తోలుగుడ్డు పెట్టింది. అప్పటినించీ దాణాలో గుల్లపొడి తప్పకుండా కలుపుతున్నాను.

కొక్కెర తెగులుకి మాత్రం కనిపెట్టడం చాలదు, టీకా పడాల్సిందే. పిల్లలకి మొదటి వారంలో కంట్లో చుక్క, ఎనిమిదో వారానికి సూది. మందు ఐసులో పెట్టి తేవాలి. మీకు గరివిడిలో పశువైద్య కళాశాల దగ్గరే కదా, పెద్దవాటికి ఇప్పుడేం వెయ్యాలో అడిగి కనుక్కో. మెడ మెలికపడినా, పచ్చగా పారినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకు.

సిరిమాను పండగ అయ్యాక ఇటు రండి. దూది కింద గుడ్లు పెట్టాను, అప్పటికి పిల్లలు ఎదిగి ఉంటాయి. ఒక్కటి అడిగితే ఇవ్వను, రెండు ఇస్తాను. అల్లుడు కారు డిక్కీలో పెడతాడని మీ పెద్దనాన్న నవ్వుతున్నారు. వెదురు గంప తెచ్చుకోండి.

ఇట్లు,
పెద్దమ్మ