చేతుల మీద సిరలు తేలితే భయపడాలా?

ప్రశ్న: నా వయసు 36. వ్యాయామం చేసి బరువు తగ్గాక చేతుల మీద పచ్చటి నరాలు తేలాయి. ఎడమ పిక్క మీద కూడా ఒకటి మెలికలు తిరిగి ఉబ్బింది. సాయంత్రానికి ఆ కాలు బరువెక్కుతోంది. రెండూ ఒకే జబ్బా?
- ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. చేతుల గురించి దిగులు వద్దు, కాలు మాత్రం డాక్టరుకు చూపించండి.

పైకి కనిపిస్తున్నవి సిరలు, అంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాలు. చర్మం కింద కొవ్వు తగ్గితే అవి బయటపడతాయి. వ్యాయామానికీ వేడికీ ఇంకాస్త ఉబ్బుతాయి. వయసు మీద పడి చర్మం పలచబడినా, గర్భిణుల్లో రక్తం పెరిగినా ఇలాగే తేలతాయి. రంగు పచ్చగా, నీలంగా కనిపించినా లోపల ఉన్నది ముదురు ఎరుపు రక్తమే. చేతిని తలకన్నా ఎత్తుకు లేపి చూడండి. సిరలు అణిగిపోతే మామూలే. తాడులా గట్టిగా ఉండి, ముట్టుకుంటే నొప్పి పుడితే చూపించుకోవాలి.

కాలి సంగతి వేరు. రక్తం కిందికి జారకుండా కాలి సిరల్లో కవాటాలు, అంటే ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. అవి సరిగా మూసుకోకపోతే రక్తం నిలిచి, సిర సాగి మెలికలు తిరుగుతుంది. ఇవే వేరికోస్ వెయిన్స్. ఏ కవాటం లీకవుతోందో డాప్లర్ స్కాన్‌లో, అంటే రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్ పరీక్షలో తెలుస్తుంది. దీనికి వాడే బిగుతు మేజోళ్లు మీ అంతట మీరు కొనుక్కోకండి. ధమనుల్లో, అంటే గుండె నుంచి రక్తాన్ని తెచ్చే నాళాల్లో రక్తప్రసారం తక్కువగా ఉన్నవాళ్లకు అవి హాని చేస్తాయి. డాక్టరు వాడమంటే పొద్దున్నే, వాపు రాకముందే, మడతలు పడకుండా వేసుకోండి. కదలకుండా నిలబడొద్దు, నడవండి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి నెడుతుంది.

చీలమండ దగ్గర చర్మం గోధుమరంగుకు తిరిగినా, పుండు పడినా ఆలస్యం చేయకండి. సిర చిట్లి రక్తం కారితే వెంటనే పడుకుని, కాలు ఎత్తులో పెట్టి, శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు అదిమి పట్టాలి. మధ్యలో తీసి చూడొద్దు. రక్తం ఆగకపోతే అలాగే అదిమిపట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది పైకి కనిపించకపోవచ్చు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. మర్దన చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. దానికి ఆయాసమో ఛాతీనొప్పో తోడైతే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. అంబులెన్స్ పిలవండి.

ప్రశ్న: నాన్నగారికి పొట్ట ఉబ్బి, దాని మీద సిరలు తేలాయి. వయసు వల్లేనా?

జవాబు: వయసు అనుకుని వదిలేయకండి. కాలేయం గట్టిపడి రక్తానికి దారి మూసుకుపోతున్నప్పుడు ఇలా అవుతుంది. కాలేయ పరీక్షలు, పొట్ట స్కాన్ ఈ వారంలోనే చేయించండి. రక్తం కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా, మనిషి తికమకగా మాట్లాడినా ఆ క్షణమే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.