సేవకు హాలు అక్కరలేదు, ముందు ఆరోగ్య పాలసీ సంగతి చూడండి

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. హనుమకొండలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటును. పది నెలల్లో పదవీ విరమణ. ఏడాదిగా ఆదివారాల్లో, హెడ్మాస్టరు గారి అనుమతితో, కాజీపేట దగ్గరి ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు చేర్యాల పద్ధతిలో బొమ్మలు వేయడం నేర్పుతున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో దొరకని తృప్తి ఇందులో దొరికింది. విరమణ తర్వాత ఇదే నా పని. నక్కలగుట్టలో నెలకు తొమ్మిది వేల అద్దెకు ఒక హాలు చూశాను. అడ్వాన్సు, బల్లలు, ప్రొజెక్టరు అన్నీ కలిపి ఆరున్నర లక్షలు అవుతాయి. అయిదు లక్షల చిట్టీ ఉంది, 25 నెలలది, పది కట్టాను. వచ్చే నెల పాడితే మూడున్నర లక్షలు చేతికి వస్తాయి. మిగతా మూడు లక్షలు తెలిసినవారు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 26 లక్షలు వస్తాయి. పింఛను నాలుగున్నర వేలు, పై వాటా అద్దె తొమ్మిది వేలు. ఇంటి ఖర్చు 28 వేలు. నాకు బీపీ, నా భార్యకు షుగర్. కంపెనీ ఇచ్చిన మూడు లక్షల ఆరోగ్య బీమా ఉంది. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: బొమ్మలు నేర్పాలన్న ఆలోచన బంగారంలాంటిది. హాలు ఆలోచన మాత్రం కాదు. ఈ రెండింటినీ మీరు ఒకే మూటలో కట్టేశారు. ఈమధ్య విరమణకు దగ్గరపడినవాళ్ల ఉత్తరాల్లో ఇదే పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది కాబట్టి, మీ ఒక్కరికే ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఇక్కడ రాస్తున్నాను. సేవ చేయాలనిపించగానే మనవాళ్లకు ముందు బోర్డు, అద్దె, రిబ్బను కత్తిరింపు గుర్తొస్తాయి.

ముందు మీ ఉత్తరంలో ఒకే ఒక్క ముక్కగా తేల్చేసిన విషయం చూద్దాం. కంపెనీ ఇచ్చిన బీమా కంపెనీతోనే పోతుంది. మీరు పూలదండ వేయించుకుని ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి బీపీ, షుగర్ ఉన్న ఇద్దరు మనుషులు ఏ రక్షణా లేకుండా ఉంటారు. ఆహార భద్రత కార్డు లేకపోతే ఆరోగ్యశ్రీ మీద ఆశ పెట్టుకోకండి. ఆయుష్మాన్ కింద వయసును బట్టి వచ్చే కార్డు 70 నిండినవారికి. మీకు ఇంకా పదమూడేళ్లుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక దంపతుల సంగతి చెబుతాను. విరమణ డబ్బు మొత్తం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేసి, పాలసీ దసరా తర్వాత చూద్దామనుకున్నారు. దసరా రాకముందే ఆయనకు గుండెలో స్టెంట్లు వేయాల్సి వచ్చింది. డిపాజిట్ వేసి ఏడాది కాలేదు. అలాంటప్పుడు ఖాతా మూసేస్తే వడ్డీ రాదు సరికదా, అప్పటికే ఇచ్చిన వడ్డీని అసలులోంచి కోసుకుంటారు. పోస్టాఫీసు కౌంటరు దగ్గర ఆయన భార్య ఆ కోత లెక్క రాసిన కాగితాన్ని మూడుసార్లు చదివారు. అందుకే ఎవరు ఏమి అడిగినా నేను ముందు పాలసీ ఊసే ఎత్తుతాను. చాదస్తమంటే అననివ్వండి.

మీరు ఈ వారంలోనే ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కంపెనీ ఉద్యోగులందరికీ కలిపి తీసుకున్న గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని ఎలా, ఎప్పటిలోగా వాడుకోవాలి? అలా మారితే ఇన్నేళ్లు గ్రూపులో ఉన్న కాలం, పాత జబ్బులకు బీమా వర్తించడానికి ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్‌లో కలిసివస్తుంది. కొత్తగా తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. ఆ మూడేళ్లలో కొంత భాగమైనా జీతం ఉన్నప్పుడే గడిచిపోయేలా, మారడం కుదరదని తేలిన రోజే కొత్త పాలసీకి దరఖాస్తు పెట్టండి. ఇద్దరికీ కలిపి ఒకే పాలసీగా అయిదు లక్షల ఫ్లోటర్, ఆ అయిదు లక్షలు దాటిన ఖర్చుకు పదిహేను లక్షల సూపర్ టాపప్, ఇంతకు తగ్గకుండా తీసుకోండి. షుగర్ సంగతి దాచమని ఏ ఏజెంటైనా చెబితే ఆ ఏజెంటును మార్చండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ కూడా లేదు. ఇంకా సాకు ఏముంది?

ఇక అప్పు. ఇన్నేళ్లుగా కంపెనీ జమాఖర్చులు రాసిన మీరు రెండు రూపాయల వడ్డీని ఏడాదికి లెక్క వేయలేదంటే నమ్మలేకపోతున్నాను. 24 శాతం! మూడు లక్షలకు నెలకు ఆరు వేలు, అసలు అలాగే ఉంటుంది. హాలు అద్దె తొమ్మిది వేలు, అంటే మీ పై వాటా అద్దె అటు నుంచి అటే పోతుంది. పీఎఫ్ సొమ్ములో 20 లక్షలు సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే ఇప్పటి 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 41 వేలు, నెలకు పదమూడున్నర వేలకు కాస్త పైన. పింఛను, అద్దె కలిపితే 27 వేలు. మీ ఇంటి ఖర్చుకే వెయ్యి తక్కువ. అందులోంచి పదిహేను వేలు హాలుకు, వడ్డీకి పెడితే బియ్యం ఎక్కడి నుంచి వస్తాయి? చిట్టీ పాడాక కూడా వాయిదాలు కట్టాలి, వాటిలో అయిదు జీతం ఆగిన తర్వాతవి. పైగా పూచీకత్తు ఇవ్వాల్సింది మీ ఆఫీసు సహోద్యోగులు. మీరు నెల తప్పితే నోటీసు వాళ్లింటికి వెళుతుంది.

ఇంత డబ్బు దేనికి అసలు? చేర్యాల బొమ్మకు కావలసింది ఖద్దరు గుడ్డ, ఉడికించి రుబ్బిన చింతగింజలు, సుద్దమట్టి, గంజి, జిగురు. గుడ్డకు పూత పూసి ఎండబెడుతుంటే పిల్లల మోచేతుల దాకా తెల్లగా అవుతుంది కదా, అది ప్రొజెక్టరుతో వచ్చే చదువు కాదు. చెట్టు, నీళ్ల పంపు, ఎండ పడే వరండా ఆ బడిలోనే ఉన్నాయి. సరుకులకు నెలకు వెయ్యి రూపాయలు దాటనివ్వకండి. అదీ పై వాటా అద్దెలోంచి కాకుండా, ఒకటి రెండు చిన్న దుకాణాలకు లెక్కలు రాసిపెట్టి సంపాదించండి. ఇంటి ఖర్చుకు తక్కువపడిన ఆ వెయ్యి కూడా అందులోంచే పూడుతుంది. ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పదలచినవారి కోసం కేంద్రం నడిపే విద్యాంజలి వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే వేరే బడులు కూడా పిలవవచ్చు. పెద్దలకు అక్షరాలు నేర్పే ఉల్లాస్‌లోనూ స్వచ్ఛంద బోధకులకు చోటుంది. సొసైటీ రిజిస్టరు చేయడం, విరాళాలు సేకరించడం ఇప్పుడు వద్దు.

సీనియర్ సిటిజన్ ఖాతా తెరవడానికి 60 ఏళ్లు నిండక్కరలేదు, కానీ 58కే విరమిస్తున్నారు కాబట్టి విరమణ డబ్బు చేతికి అందిన మూడు నెలల్లోపు వేయాలి. ఆ తేదీ కూడా రాసిపెట్టుకోండి.

చిట్టీ వచ్చే నెల పాడకండి, ఆ తర్వాత కూడా పాడకండి. చివరిదాకా ఉంచితే కమీషను అయిదు శాతం అనుకున్నా నాలుగు లక్షల 75 వేలు వస్తాయి. అది మీ అత్యవసర నిధి, పదహారు నెలలకు పైగా ఇంటి ఖర్చు. ఆఖరి అయిదు వాయిదాలకు లక్ష రూపాయలు గ్రాట్యుటీలోంచి ముందే పక్కన పెట్టండి. హాలు యజమానికి ఈరోజే ఫోను చేసి వద్దని చెప్పండి, టోకెన్ అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి.