ఫోటోలో బండి నాది కాదు, చలానా మాత్రం నాకొచ్చింది

ప్రశ్న: సార్ నమస్తే, మాది సిద్దిపేట దగ్గర పల్లె. నాది నల్ల స్ప్లెండర్, పొలానికీ అంగడికీ తప్ప ఎటూ తీయను. మొన్న మా తమ్ముడు బండి నంబర్ కొట్టి చూస్తే రెండు చలాన్లు పెండింగ్ ఉన్నయి, రెండూ హైదరాబాద్‌లోనే, హెల్మెట్ లేదని. ఫోటోలో చూస్తే స్కూటీ మీద ఎవరో పిల్లగాడు. ఎందుకొచ్చిన లొల్లి కట్టేయమంటది మా ఇంటామె, డిస్కౌంట్ ఇచ్చేదాకా ఆగమంటడు తమ్ముడు. ఏం చెయ్యాలె?

జవాబు: కట్టకండి, అట్లని ఊరుకోకండి కూడా. కట్టారంటే తప్పు ఒప్పుకున్నట్టే, కేసు అక్కడికి క్లోజ్ అయిపోతుంది, తర్వాత అది నా బండి కాదు మొర్రో అన్నా వినేవాళ్లుండరు. డిస్కౌంట్లు ఇచ్చిన మాట నిజమే, 2022 మార్చిలో టూవీలర్లకి 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం తగ్గించారు, కానీ మీరు చెయ్యని తప్పుకి 20 శాతం మాత్రం ఎందుకు కట్టాలి చెప్పండి.

ముందు ఆ ఫోటోని పెద్దది చేసి నంబర్ ప్లేట్ ఒక్కో అక్షరం చదవండి. చాలాసార్లు 3ని 8 అనో, బిని డి అనో చదివేసి ఎంటర్ చేస్తారు, అట్లయితే సమస్య చిన్నదే. తెలంగాణ ట్రాఫిక్ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లోనే తప్పు చలానా మీద ఫిర్యాదు పెట్టుకోవచ్చు, చలానా నంబర్ ఇచ్చి, మీ ఆర్సీ, ప్లేట్ కనపడేలా తీసిన మీ బండి ఫోటో దగ్గర పెట్టుకోండి. కెమెరా చలానాకి ఫోటో, చోటు, తేదీ, టైమ్ చూపించాలని, నోటీసు 15 రోజుల్లో పంపాలని కేంద్ర మోటారు వాహనాల రూల్ 167ఎ చెప్తోంది, అంటే ఆ ఫోటో అడగడం మీ హక్కు.

ప్లేట్ మీద అచ్చంగా మీ నంబరే ఉందనుకోండి, అప్పుడు మాత్రం రెండు వందలో మూడు వందలో పోయే సంగతి కాదు, ఎవడో మీ నంబర్ తగిలించుకుని తిరుగుతున్నాడు. రేపు ఆ స్కూటీతో గొలుసు తెంపినా, ఎవర్నన్నా గుద్ది పోయినా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ గడపకే. ఇవాళే మీ స్టేషన్‌కి పోయి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి, ఆ కాగితం ఆర్సీతో పాటే పెట్టుకోండి.

ఇంకోటి, వాట్సాప్‌లో చలానా పేరుతో ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్ వస్తే అసలు తెరవొద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి, ఇన్‌స్టాల్ చేసిన వాళ్ల బ్యాంకు ఖాతాలు ఊడ్చుకుపోతున్నాయి. పొరపాటున నొక్కితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

ప్రశ్న: స్కూటీ అమ్మి ఏడాదైంది మేడమ్, కొన్నాయన పేరు మార్చుకోలేదు, అడిగితే రేపు రేపు అంటాడు. చలాన్లన్నీ నా ఫోన్‌కే వస్తున్నాయి.

జవాబు: అమ్మా, డబ్బులు చేతికొచ్చినంత మాత్రాన బండి మీది కాకుండా పోలేదు. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు, 30 రోజుల్లో కొన్నవాళ్లు ఆర్టీఏకి, అంటే రవాణా శాఖ ఆఫీసుకి చెప్పాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50. పేరు మార్పిడికి ఉండే ఫారం 29, ఫారం 30 రెండూ నింపి, సంతకాలు పెట్టి అక్కడ ఇస్తే సరిపోయేది. మా వాడే కదా, తెలిసినాయనే కదా అని ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేస్తాం, చిక్కంతా అక్కడే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, చేతులు మారిన బండి యాక్సిడెంట్ చేస్తే ఆర్సీలో పేరున్న ఓనరే నష్టపరిహారానికి బాధ్యుడంది, ఆ ఓనరు బండి అమ్మేశాక జరిగిన యాక్సిడెంట్ మరి అది.

అమ్మినప్పటి రసీదు, డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి అమ్మేశానని రాసిచ్చి ముద్ర వేయించుకోండి, కొన్నాయనకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఇన్సూరెన్స్ అయిపోయిందేమో కూడా చూడండి, అది లేకుండా ఆ బండి రోడ్డు మీద తిరుగుతుంటే ఒక్క రోజు కూడా ఆగకండి.