రోగం ఎవరిదో వాళ్ళకే చెప్పరా?

చిన్నప్పటి స్నేహితుల్లో ఇప్పటికీ మర్చిపోలేనివాళ్ళు ఎవరు, ఎందుకు అని ప్రశ్న. నాకు ఒక్కతే ఉంది. రొమ్ము క్యాన్సర్‌తో 2018లో పోయింది. పేరు రాయను, దాని పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఫోన్లో ఇవన్నీ చదువుతుంటారు. "అది" అంటున్నానని ఎవరూ తప్పు పట్టొద్దు, మా ఇద్దరి మధ్య ఎప్పుడూ అదే పిలుపు.

మాది దేవరకొండ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా చుట్టుపక్కల చాలా ఊళ్ళ బోర్లలో అంతకు మించే ఉండేది. క్లాసులో చాలామందికి పళ్ళ మీద గోధుమరంగు గార. ఆడపిల్లలం నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళం. అది పెట్టుకునేది కాదు. పదో తరగతి గ్రూప్ ఫోటోలో అందరం మూతి బిగించి నిలబడితే అదొక్కతే పళ్ళన్నీ కనపడేటట్టు నవ్వింది. ఫోటో పాడు చేశావని సారు కోప్పడితే "నీళ్ళు గట్లున్నయ్ సార్, నేనేం చెయ్యాలె" అంది. సారు మళ్ళీ మాట్లాడలేదు. ఇప్పటి పిల్లలకు కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి, సంతోషమే, కానీ మా వాళ్ళ పళ్ళూ నడుములూ పోయినంక వచ్చాయి. ఎన్నికలప్పుడల్లా మా ఊళ్ళకొచ్చి వంకర కాళ్ళ ఫోటోలు తీసుకుపోయినవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సరే, దాని సంగతికి వస్తాను. రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు, అందుకే ఊరుకుంది. మన ఆడవాళ్ళు చాలామంది మోసపోయేది ఇక్కడే. క్యాన్సర్ గడ్డ మొదట్లో ఎక్కువగా నొప్పి పెట్టదు. నొప్పి పెడితే కనీసం డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది. సిగ్గుపడి మొగుడికి కూడా చెప్పలేదు, తర్వాత ఎవరో చెబితే కొన్నాళ్ళు ఆకు పసరు కట్టించారు. హైదరాబాద్‌లో ముక్క పరీక్ష (బయాప్సీ) చేసేసరికి రోగం చంకలోకి పాకింది. డబ్బుకు ఇబ్బంది కాలేదు, అది చెప్పాలి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు ముందు పెట్టిన మూడు జిల్లాల్లో మన పాలమూరు (మహబూబ్‌నగర్) కూడా ఒకటి, దానికి రోగం వచ్చేనాటికి మా దిక్కు కూడా ఆ కార్డు మీదే వైద్యం జరిగేది. ఆ ఇంట్లో వైద్యానికి దారి దొరికింది, నోరు విప్పి నిజం చెప్పడానికే దొరకలేదు.

దాని మొగుడు మంచివాడు. నన్ను పక్కకు పిలిచి "చెల్లె, దాని ముందట ఆ పేరు ఎత్తకు, బెంగతోనే పోతది" అన్నాడు. తల్లి, అన్న, అత్త అందరిదీ అదే మాట. గడ్డ అనేవాళ్ళు, ఇన్ఫెక్షన్ అనేవాళ్ళు, కీమోను "బలానికి సెలైన్" అనేవాళ్ళు. చుట్టాలు వచ్చి దాని మొహం చూసి ఏడ్చేవాళ్ళు, ఎందుకేడుస్తున్నారంటే చెప్పేవాళ్ళు కాదు. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, పొదుపు సంఘం లెక్కలన్నీ రాసేది అదే, ఊళ్ళో ఎవరు ఎంత అప్పున్నారో చూడకుండా చెప్పేది, దానికి తన ఒంట్లో ఏముందో తెలియకూడదట.

ఒకసారి కీమో అయ్యాక దాన్ని ఊళ్ళో దింపడానికి నేనే వెళ్ళాను. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కాం. వాంతి వస్తే పట్టడానికి దాని ఒళ్ళో కవరు, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎండ బాగా ఉంది, బస్సు నిండా జనం, మా వెనక ఎవరో కోళ్ళ బుట్ట పెట్టారు, ఆ వాసనకు దానికి కడుపులో తిప్పుతోంది. ఇబ్రహీంపట్నం దాటిందాకా మాట్లాడలేదు. తర్వాత తల కిటికీకి ఆనించుకునే అడిగింది.

"నాకు క్యాన్సరే గదనే?"

"అవునే" అన్నాను. ఎక్కువ ఆలోచించలేదు. దానితో నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు, ఆ బస్సులో మొదలుపెట్టలేను.

"దవాఖాన గేటు మీద ఇంతింత అక్షరాలతోటి రాసుంది. నాకు సదువు రాదనుకున్నరా వీళ్ళు? నువ్వు నేను ఒక్క బెంచీల కూసొని పది పాసైతిమి గదా!"

నవ్వింది. నేనూ నవ్వాను, ఆగకుండా కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ముందు సీటు పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసి, ఇద్దరికీ పిచ్చి పట్టిందేమో అనుకుని మళ్ళీ ముందుకు తిరిగింది. అక్కడి నుంచి మాల్, చింతపల్లి దాటి మల్లేపల్లి వచ్చేదాకా అది నన్ను ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. ఇది అంటుకుంటదా, పిల్లలు నా పక్కన పడుకోవచ్చా. అంటుకోదని చెబితే కోపంతో ఊగిపోయింది, ఎందుకంటే ఇంట్లో అప్పటికే దాని కంచం, గ్లాసు వేరే పెట్టారు, పిల్లల్ని అత్త తన దగ్గర పడుకోబెట్టుకుంటోంది. కీమోలో ఎర్ర మందు ఎక్కించిన రోజు ఉచ్చ ఎర్రగా వస్తే రక్తం పోతోందని ఒక్కతే భయపడి, ఎవరికీ చెప్పకుండా రాత్రంతా కూర్చుందట. అది మందు రంగే, రెండు రోజుల్లో పోతుంది. ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్ళు లేక దానికి రాత్రంతా నిద్ర లేదు. చెబితే బెంగ పడతారని దాస్తారు గానీ, దాస్తే పడే భయం సంగతి ఎవరూ అడగరు. నా అనుభవంతో గట్టిగా చెబుతున్నాను, మంచంలో ఉన్న మనిషికి అందరికంటే ముందే తెలిసిపోతుంది. తెలిసీ తెలియనట్టు నటించే భారం కూడా వాళ్ళ మీదే వేస్తున్నాం.

బస్సు దిగిన రోజు రాత్రే మొగుడిని కూర్చోబెట్టి మాట్లాడింది. పిల్లలు ఆ రోజు నుంచి దాని పక్కనే పడుకున్నారు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తుంటే మంగలిని ఇంటికి పిలిపించి గుండు చేయించుకుంది. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు స్కార్ఫ్ కూడా కట్టుకోకుండా వచ్చి అందరితో కలిసి చప్పట్లు కొడుతూ తిరిగింది. కొందరు ముసలివాళ్ళు గొణిగారు, అపశకునమని. తంగేడు పూలు తెచ్చి బతుకమ్మను పేర్చింది అదే, ఆ పని మాత్రం పనికొచ్చింది వాళ్ళకు.

తర్వాత రోగం ఎముకలకు పాకింది. అప్పుడు మార్ఫిన్ మాత్రలు రాశారు. ఇంట్లోవాళ్ళు మత్తుమందు, అలవాటైపోతుందని భయపడితే "అలవాటయ్యేదాక నేనుంటే గద" అని అదే తీసి వేసుకుంది. మార్ఫిన్ దొరకడం తేలిక చేయడానికి 2014లో చట్టమే మార్చారు, మన జిల్లాల్లో నొప్పి తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్ కేంద్రాలు కూడా ఉన్నాయి. రోగం పేరే చెప్పని ఇంట్లో వాటిని ఎవరు అడుగుతారు?

చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు కూడా ఒక మాట. బత్తాయిలు తీసుకుపోకండి. మా దిక్కు అందరూ అవే తెస్తారు, కీమోకు నోరంతా పూసి ఉంటుంది, ఆ పులుపుకు మంట తట్టుకోలేరు. ఏ పాపం చేసిందో అనకండి. గిన్నెలుంటే తోమండి, పిల్లలకు అన్నం పెట్టండి.

పోయేముందు మొగుడి చేత ఒక మాట తీసుకుంది, బిడ్డకు చదువు అయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దని. నేను అక్కడే ఉన్నాను. తను పోతున్నానని దానికీ తెలుసు, అతనికీ తెలుసు, ఇద్దరూ దాచుకోకుండా మాట్లాడుకున్నారు కాబట్టే అడగగలిగింది. తల్లి లేని పిల్ల, తొందరగా ఇచ్చెయ్యమని చుట్టాలు ఎన్ని సంబంధాలు తెచ్చారో. అతను ఒక్కటీ ఒప్పుకోలేదు. పిల్ల ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, పోయిన నెల ఫోన్ చేసి హాస్టల్ అన్నం బాగాలేదని గంటసేపు తిట్టింది.