పాత అడవిని బాగుచేద్దామని బయల్దేరిన నా చిట్టితల్లికి

చిన్నీ,

ఉద్యోగం మానేసి పాడేరు కొండల్లో అడవి పని చేస్తానన్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. "అక్కా, నువ్వైనా చెప్పు" అంది. నువ్వు పంపిన ప్లాన్ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. నాకు ఎంత గర్వంగా అనిపించిందో దానికి చెప్పలేదులే. కానీ మూడో పేజీకి వచ్చేసరికి టెన్షన్ మొదలై నిద్ర పట్టలేదు.

ముందు మామూలు సంగతులు. దోమతెర లేకుండా ఏజెన్సీలో ఒక్క రాత్రి కూడా పడుకోకు. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకో. అడవిలోకి ఒంటరిగా వెళ్లకు. గాలి వేస్తున్నప్పుడు ఎండిన పెద్ద చెట్ల కింద నిలబడకు, కొమ్మ విరిగిన చప్పుడు వినేలోపే మీద పడుతుంది. ఒక అడవి నుంచి ఇంకో అడవికి వెళ్లేటప్పుడు బూట్లు కడిగి ఆరబెట్టుకో. చాదస్తం అనుకోకు, న్యూజిలాండ్‌లో వందల ఏళ్ల కౌరీ చెట్లు వేరు తెగులుతో చచ్చిపోతుంటే, అది బూట్లకంటిన మట్టితో కూడా పాకుతుందని తెలిసి, అక్కడ అడవి దారుల మొదట్లోనే బూట్లు కడిగే ఏర్పాటు చేశారు, కొన్ని దారులైతే మూసేశారు.

ఇక ఆ మూడో పేజీ. ఎండిన చెట్లు, తొర్రపడ్డ చెట్లు తీసేసి, పొదలు కొట్టించి, ఖాళీల్లో మొక్కలు నాటుతామని రాశావు. ఎవరు చెప్పారే నీకిది? బోటనీ టీచర్ ఇంట్లో పెరిగిన పిల్లవి కదా నువ్వు!

ఇది రెండు వందల ఏళ్లు దాటిన తప్పు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జర్మనీలో, ముఖ్యంగా ప్రష్యా, శాక్సనీలలో, రకరకాల చెట్లున్న పాత అడవులు కొట్టేసి ఒకే వయసు స్ప్రూస్ చెట్లు వరసగా పెంచారు. కింద పడిన కలప, పొదలు అన్నీ ఏరి పారేశారు. మొదటి తరం చెట్లు బ్రహ్మాండంగా పెరిగాయి, పాత అడవి పోగేసిన మట్టి సారం అప్పటికి ఇంకా మిగిలే ఉంది కాబట్టి. రెండో తరానికి చాలా చోట్ల ఎదుగుదల పడిపోయింది. తొర్రలు లేక పిట్టలు తగ్గితే, చెట్లకు చెక్క పెట్టెలు కట్టాల్సి వచ్చింది. ఆ చదువే మన దేశానికీ వచ్చింది, 1864లో మన అటవీ శాఖకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చిన బ్రాండిస్ జర్మనే. ఆయన్ని తిట్టడం లేదు, అడవి మీద ఊళ్లకు హక్కు ఉండాలని వాదించిన మనిషి. కానీ అడవిని కలప లెక్కలో చూసే అలవాటు మాత్రం మనకు ఉండిపోయింది.

నేను కళ్లారా చూశాను తల్లీ. పిల్లల్ని మొక్కలు చూపించడానికి తీసుకెళ్లే ఒక కొండ ఊళ్లో, అమ్మవారి పేర వదిలేసిన తోపు ఉండేది. మద్ది, తాని, పనస, జీలుగు, పైన ఎండే కనపడనంత పందిరి. ఒక ఆఫీసు వాళ్లు, పేరెందుకులే, బాగుచేస్తామని తొర్ర చెట్లన్నీ కొట్టించి సిల్వర్ ఓక్ మొక్కలు వరసల్లో పెట్టించారు. అది ఆస్ట్రేలియా చెట్టు, కాఫీ తోటల్లో నీడకు పెంచుతారు, తోటలో ఉంటే నాకేం అభ్యంతరం లేదు. తోపులో ఎండ పడేసరికి తర్వాతి వానలకు లాంటానా అనే కలుపు పొద నేలంతా కమ్మేసింది. అక్కడి పూజారి, చాలా పెద్దాయన, "పిట్టలు ఇంక ఎక్కడ పిల్లల్ని చేస్తాయి టీచరమ్మా?" అని నన్ను అడిగాడు. ఏం చెప్పను? హార్న్‌బిల్ ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలోకి వెళ్లి, సన్నటి సందు మాత్రం వదిలి ద్వారం మూసేసుకుంటుంది, మగపక్షి ఆ సందులోంచే తిండి అందిస్తుంది. అంత తొర్ర పడాలంటే ఆ చెట్టు ఎన్ని తరాల మనుషుల్ని చూసి ఉండాలి!

ఇప్పటికీ ఇదే జరుగుతోంది. పోలండ్‌లో బెలారస్ సరిహద్దున ఉన్న బియవొవియెజా అడవిలో, బెరడు తొలిచే పురుగు పట్టిందనే కారణం చూపించి 2016లో నరికే పరిమితి పెంచారు. ఆ నరుకుడు చట్టవిరుద్ధమని 2018 ఏప్రిల్‌లో యూరప్ న్యాయస్థానం తేల్చింది. అదే అమెరికాలో ఓరెగన్‌లోని ఆండ్రూస్ అడవిలో మార్క్ హార్మన్ అనే శాస్త్రవేత్త 1985లో 500కు పైగా దుంగలు నేల మీద పెట్టించి, అవి ఎలా కుళ్లుతాయో చూడటానికి 200 ఏళ్ల ప్రయోగం మొదలుపెట్టాడు. తను ముగింపు చూడనని తెలిసీ మొదలుపెట్టాడు, అది నాకు చాలా ఇష్టం.

హుద్‌హుద్ తుపానుకి మన విశాఖలో చెట్లు కూలిపోయినప్పుడు స్కూల్ డ్రెస్‌తోనే వచ్చి నాతో గుంతలు తవ్వావు. చేతులు బొబ్బలెక్కినా గునపం వదల్లేదు. నీ మనసు నాకు తెలుసు, ఊరికే చూస్తూ కూర్చోలేవు. కానీ రోడ్డు పక్క పని వేరే, ఇది వేరే. మొదటి ఏడాది ఒక్క మొక్క కూడా నాటొద్దు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తోంది, ఏ తొర్రలో ఎవరున్నారు, విత్తనాలు తమంతట తాము ఎక్కడ మొలుస్తున్నాయి, ఇవి రాసుకో. మంటలు రాకుండా చూడు, లాంటానా ఉంటే అదొక్కటే వేళ్లతో సహా పీకించు. నాటాలనిపిస్తే అడవి బయట, అంచుల్లో, ఆ అడవి విత్తనాలతోనే.

ఇంకో మాట. ఊరివాళ్లను కూలీలుగా చూడకు. 2006 అటవీ హక్కుల చట్టం కింద తమ సామూహిక అడవిని కాపాడుకునే హక్కు వాళ్లకుంది. గ్రామసభలో కూర్చుని అడుగు, వద్దంటే వెనక్కి వచ్చేయ్, పోడు గురించి ఎవరికీ క్లాసు పీకకు.

మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను. పాడేరు బస్సు ఎక్కే ముందు ఒక రోజు సీతమ్మధార వచ్చి, నా బైనాక్యులర్స్ తీసుకెళ్లు. ఊళ్లో ఎవరింట్లో ఉంటావో, వాళ్ల ఫోన్ నంబర్ ఏంటో మాత్రం ఇవాళే పంపు.

మీ పెద్దమ్మ