మూతి మీద మీసం వచ్చాక?

మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి అడుగుతున్నారు: "రైస్ మిల్లులో గుమస్తాను. మా బాబుకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. రెండేళ్లుగా సీరియల్‌లో చేస్తున్నాడు. నెలలో పది రోజులు హైదరాబాద్‌లోనే. పెద్దయ్యాక డైరెక్టర్నవుతా, సొంతంగా సీరియళ్లు తీస్తా అంటున్నాడు. బడి మాన్పించి అటే పంపమంటారా?"

బడి మాత్రం మాన్పించకండి. రేపోమాపో గొంతు మారుతుంది, నూనూగు మీసం వస్తుంది. చిన్నపిల్లాడి వేషాలు తగ్గుతాయి, పెద్ద వేషాలకు వయసు చాలదు. నటుడు, దర్శకుడు సచిన్ పిల్గావ్‌కర్ 1960లలో పసివాడిగా మరాఠీ సినిమాలో కనిపించారు. డైరెక్షన్ 1980లలో, టీవీలో హిందీ సీరియల్ 'తూ తూ మై మై' 1990లలో. అంత టైమ్ పడుతుంది.

ఈసారి షెడ్యూల్‌కి వెళ్లినప్పుడు, షాట్ అయ్యాక ఫోన్ పట్టుకోకుండా కంటిన్యుటీ (ఒక షాట్‌కీ తర్వాతి షాట్‌కీ తేడా రాకుండా చూసే వివరాలు) రాసే అసిస్టెంట్ డైరెక్టర్ పక్కన కూర్చోమనండి. అత్తగారు కాఫీ కప్పుతో వంటింట్లోంచి బయల్దేరే షాట్ ఇవాళ తీస్తారు, హాల్లోకి వచ్చేది నాలుగు రోజులకు. కప్పు ఏ చేతిలో ఉంది, కొంగు దోపుకుందా, గోడ గడియారంలో టైమెంత? అన్నీ రాసిపెట్టుకోవాలి. మా వాడికి ఇది బోర్ అంటారేమో, అదీ ఇప్పుడే తెలియడం మంచిదే.

సొంతంగా తీయడమంటే డబ్బు లెక్క. అది మీ దగ్గరే నేర్చుకోవచ్చు. మిల్లు ఒక్కరోజు ఆగినా కరెంటు బిల్లు, జీతాలు ఆగవు కదా? సెట్ కూడా అంతే. ఒక ఆర్టిస్టు రాకపోతే షూటింగ్ ఇంటి అద్దె, బత్తాలు, భోజనాలు దండగ. ఆదివారం మీ లెక్కల పుస్తకం వాడి ముందు పెట్టండి.

ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు, డిగ్రీ నల్గొండలో చేసినా చాలు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ) టీవీ విభాగంలో డైరెక్షన్ కోర్సుకు డిగ్రీ కావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీకీ అంతే.

ఇంకొకటి, మీరు రాయలేదు గానీ నేను అడగాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. నిర్మాత కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లాడి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. రెండేళ్లవుతోంది, ఆ బాండ్లు మీ బీరువాలో ఉన్నాయా? లేకపోతే ఈసారి వెళ్లినప్పుడు ముందు ప్రొడక్షన్ మేనేజర్‌ని అడగండి.