ఎమ్మారై గదిలో తల తిరగడం గురించి

3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలమానం) ఎమ్మారై మెషీన్ దగ్గర పేషెంట్‌ను సర్దడానికి వంగితే తల తిరుగుతోంది, నోట్లో ఇనుము రుచి వస్తోంది అన్నారు కదండీ. అది మీ భ్రమ కాదు. స్కాన్ జరగనప్పుడు కూడా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. మెషీన్ సొరంగం ముఖం దగ్గర తల గబుక్కున కదిపితే లోపలి చెవిలోని ద్రవం మీద ఒత్తిడి పడి, శరీరం ఊగుతున్నట్టు అనిపిస్తుంది. బయటికొస్తే మామూలుగా తగ్గిపోతుంది.

తల లోపలికి పెట్టకండి, నెమ్మదిగా కదలండి. కాయిల్ (స్కాన్ చేసే శరీర భాగం మీద అమర్చే పరికరం) బిగించడం, దిండు సర్దడం బల్ల బయట ఉన్నప్పుడే ముగించండి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఉద్యోగుల తల, మొండెం మీద పడే అయస్కాంత క్షేత్రానికి అంతర్జాతీయ మార్గదర్శక పరిమితి 2 టెస్లా. గది బయట కూడా తల తిరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి, దయచేసి.